గుహకు మన సెలవులతో పని లేదు

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో తెలుగు కుటుంబాలు విహారయాత్రకు సిద్ధమయ్యే తీరులో ఒక వరస ఉంది. మొదట తేదీ ఖాయమవుతుంది. అది ఈస్టర్ కావచ్చు, మెల్‌బోర్న్ కప్ వారం కావచ్చు, క్రిస్మస్ తర్వాతి సెలవులు కావచ్చు. ఆ తర్వాత ఎన్ని కుటుంబాలు, ఎన్ని కార్లు, పులిహోర ఎవరిది, బిర్యానీ ఎవరిది, కారవాన్ పార్కులో ఎన్ని క్యాబిన్లు దొరుకుతాయి అన్నవి తేలతాయి. వెళ్ళే చోటు సంగతి చిట్టచివరికి వస్తుంది. ఆ చోటు ఈస్ట్ గిప్స్‌ల్యాండ్‌లోని బకన్ గుహలైనా, మిచెల్ రివర్ నేషనల్ పార్కులోని డెన్ ఆఫ్ నార్గన్ అయినా ఈ వరస మారదు. దీని వెనుక గట్టిగా పాతుకుపోయిన ఒక అభిప్రాయం ఉంది. అడవీ గుహా ప్రకృతి ఇచ్చినవి, అందరివీ. అవి ఎప్పుడూ అక్కడే ఉంటాయి, మనకు తీరిక దొరికినప్పుడు వెళ్ళి చూడటమే మిగిలిన పని. ముందుగా బుక్ చేసుకోవాలనడం, గైడు లేనిదే లోపలికి పంపకపోవడం, ఫలానా చోట అడుగు పెట్టొద్దని బోర్డు పెట్టడం, ఇవన్నీ ఇక్కడి ప్రభుత్వ శాఖల అతిజాగ్రత్త. “అంత దూరం వెళ్ళి బయట నుంచి చూసి రావడమేమిటి” అనే మాటలో ఈ అభిప్రాయమంతా ఇమిడి ఉంది. ఇది తప్పు అభిప్రాయం. రక్షిత గుహకో అడవికో ప్రయాణం వేసుకున్నప్పుడు ఏ రోజు వెళ్ళాలో, ఎంతమంది వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించాల్సింది ఆ చోటూ, దాన్ని కాపాడుకుంటున్న మనుషులూ. మన సెలవులు ఆ నిర్ణయానికి లోబడాలి.

అవి ఎప్పుడూ అక్కడే ఉంటాయన్న మాటనే మొదట పరీక్షిద్దాం. బకన్ సున్నపురాయి దాదాపు 40 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు అడుగు. వాననీరు మట్టిలోంచి దిగుతూ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిపాటి ఆమ్లంగా మారి ఆ రాతిని కరిగిస్తుంది. ఆ నీరే గుహ కప్పు మీదికి చేరి, కలిసిన వాయువును గాలిలోకి వదిలేసినప్పుడు, కరిగిన సున్నం మళ్ళీ రాయిగా పేరుకుంటుంది. పైనుంచి వేలాడే కొమ్మలూ, నేల నుంచి లేచే దిమ్మెలూ అలా తయారైనవే. చాలా గుహల్లో ఈ పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. అంటే వేలెడంత కొమ్మ పెరగడానికి ఏడు వందల ఏళ్ళు పడుతుంది. ప్రతాపరుద్రుడి ఓరుగల్లు కూలింది 1323లో. ఆనాడు మొదలైన చుక్క ఇవాళ్టికి ఒక వేలు పొడవయిందన్నమాట. అది విరగడానికి మాత్రం సెల్ఫీ కోసం వెనక్కి వాలిన ఒక భుజం చాలు. విరగనక్కర కూడా లేదు. చేతి చర్మంలోని నూనె అంటిన చోట నీరు మునుపటిలా పట్టదు, కొత్త సున్నం పేరుకోదు, రాయి మాసిపోతుంది. పెరుగుతూ ఉన్న రాయి ఆ చోట ఆగిపోతుంది. బకన్‌లో ఫెయిరీ కేవ్‌ను ఫ్రాంక్ మూన్ కనుగొన్నది 1907లో. రాయల్ కేవ్‌ను జనానికి తెరిచింది 1913లో. వందేళ్ళకు పైగా సందర్శకులు వస్తున్నా ఆ రెండు గుహలూ ఇంకా చూడదగ్గట్టు ఉన్నాయంటే గైడు వెంట పరిమిత సంఖ్యలో పంపే పద్ధతికి అందులో పెద్ద వాటా ఉంది.

“నేనొక్కడినే తాకితే ఏమవుతుంది, ఒక్క కుటుంబం ఎక్కువైతే ఏమవుతుంది” అంటారు. దీనికి జవాబు ఫ్రాన్స్‌లో ఉంది. లాస్కో గుహ 1940లో బయటపడింది. పదిహేడు వేల ఏళ్ళకు పైబడిన చిత్రాలు అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. 1948లో జనానికి తెరిచారు. 1955 నాటికి రోజుకు దాదాపు 1,200 మంది వస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది గోడను తాకనే లేదు. ఊపిరి తీశారు, అంతే. మనిషి వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు బయటి గాలిలో కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. ఆ వాయువూ, ఒంటి వేడీ, చెమట తేమా, దీపాల వెలుగూ కలిసి గోడల మీద పచ్చని నాచు పట్టించాయి, తెల్లని సున్నపు పొర కట్టించాయి. 1963లో ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో ఆ గుహను మూయించాడు. ఇవాళ జనం చూస్తున్నది నకలు గుహలను. వేల ఏళ్ళు నిలిచిన దాన్ని పదిహేనేళ్ళ సందర్శన మూత వేయించే దాకా తెచ్చింది. తప్పు ఫలానా వాడిదని వేలు పెట్టి చూపడానికి అక్కడ ఎవరూ లేరు. టికెట్టు కొన్న ప్రతి ఒక్కరూ తాను ఒక్కడినే అనుకున్నారు. సంఖ్య మీద హద్దు పెట్టకుండా ఈ నష్టాన్ని ఆపే దారి లేదు. ఆ హద్దుకు ఆచరణలో ఉన్న రూపమే ముందస్తు బుకింగ్.

గబ్బిలాల సంగతి ఇంకా సున్నితమైనది. 2006లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో తొలిసారి కనిపించిన తెల్లముక్కు వ్యాధి అక్కడ లక్షల గబ్బిలాలను చంపింది. చలికాలపు నిద్రలో ఉన్న గబ్బిలం చర్మం మీద ఒక శిలీంధ్రం పెరిగి దాన్ని పదేపదే లేపుతుంది, దాచుకున్న కొవ్వు అయిపోయి అది చనిపోతుంది. ఆ శిలీంధ్రం ఆస్ట్రేలియాలో ఇంతవరకు లేదు. వస్తే ఎక్కువగా మనుషుల బూట్లు, బట్టలు, సామాన్ల మీదే వస్తుందని ఇక్కడి శాస్త్రవేత్తల భయం. విక్టోరియా నైరుతిలో, సౌత్ ఆస్ట్రేలియాలో పిల్లల్ని కనే సదరన్ బెంట్‌వింగ్ గబ్బిలం ఇప్పటికే అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి. దాని ప్రసూతి గుహలు వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గవి. మన కుటుంబాల్లో డాలస్‌లోనో అట్లాంటాలోనో బంధువులు లేని ఇల్లు అరుదు. అమెరికాలోని మామ్మత్ కేవ్ చూసి బయటికి వచ్చేవాళ్ళను మందు పట్టించిన చాపల మీద నడిపిస్తారు. అవే బూట్లతో ఇక్కడికి వచ్చి, గైడు లేని గుహలో దూరడం ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు. అందుకే యాత్ర ప్రణాళికలో పాదరక్షలు కడగడం కూడా ఒక పని. మన ఇంటికి దగ్గరలోని బ్రిస్బేన్ రేంజెస్ అడవికి కూడా ఇది వర్తిస్తుంది. వేరుకుళ్ళు తెచ్చే, శిలీంధ్రం లాంటి ఒక సూక్ష్మజీవి అక్కడి గడ్డిచెట్లను దశాబ్దాలుగా చంపుతోంది, అది ప్రయాణించేది బూట్లకూ టైర్లకూ అంటిన మట్టిలో.

ఇక తేదీ. ఈస్ట్ గిప్స్‌ల్యాండ్ అడవికి మంటల కాలం డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి. పిల్లల పెద్ద సెలవులు సరిగ్గా అప్పుడే. 2019 డిసెంబర్ చివరి రోజుల్లో బకన్ ప్రాంతం మంటల్లో చిక్కుకుంది. మల్లకూటాలో వేలమంది నీటి ఒడ్డుకు చేరి ఎర్రబడిన ఆకాశం కింద తలదాచుకున్నారు. ఆస్ట్రేలియా నౌకాదళం ఓడల్లో ఎక్కించి వెయ్యిమందికి పైగా జనాన్ని తరలించింది. ప్రిన్సెస్ హైవే తూర్పు భాగం వారాల తరబడి మూతపడింది. పశ్చిమాన గ్రాంపియన్స్‌లో 2024 డిసెంబర్‌లో పిడుగులతో మొదలైన మంట సుమారు 76,000 హెక్టార్లను కాల్చేసింది, క్రిస్మస్ సెలవుల్లోనే హాల్స్ గ్యాప్‌ను ఖాళీ చేయించారు. అలాంటి కాలంలో “క్యాబిన్ డబ్బులు కట్టేశాం, వెళ్ళక తప్పదు” అనుకోవడం ఎంత అపాయమో 2009 ఫిబ్రవరి 7న మంటల్లో 173 మందిని కోల్పోయిన ఈ రాష్ట్రానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజున నేషనల్ పార్కులో గ్యాస్ స్టవ్ కూడా వెలిగించరాదు. ప్రమాద స్థాయి అత్యున్నతానికి చేరితే పార్కులే మూసేస్తారు. ఆ మూసివేత మన యాత్రను చెడగొట్టడానికి వచ్చిన అధికార దర్పమని విసుక్కునేవాళ్ళు ఒక్క లెక్క వేసుకోవాలి. తప్పిపోయిన పది కుటుంబాలను వెతకడానికి పొగలోకి వెళ్ళేది ఊళ్ళలోని స్వచ్ఛంద అగ్నిమాపక దళం వాళ్ళు. వాళ్ళకూ పిల్లలున్నారు.

ఇంతవరకు ఒప్పుకునేవాళ్ళు కూడా డెన్ ఆఫ్ నార్గన్ దగ్గర ఆగిపోతారు. బెయిర్న్స్‌డేల్‌కు వాయవ్యాన, అడవిలో కాలిబాట దిగి వెళ్తే ఒక జలపాతం వెనుక చిన్న గుహ ఉంటుంది. అక్కడి ఆదివాసులైన గునైకుర్నై జాతి గాథల్లో నార్గన్ సగం రాయిగా ఉండే జీవి, దాని మీద విసిరిన ఈటె విసిరినవాడి మీదికే తిరిగి వస్తుంది. ఆ చోటు ముఖ్యంగా గునైకుర్నై స్త్రీలకు పవిత్రమైనది. గుహ లోపలికి వెళ్ళవద్దని వాళ్ళూ, పార్క్స్ విక్టోరియా వాళ్ళూ సందర్శకులను కోరుతున్నారు. దీని మీద మనవాళ్ళ అభ్యంతరం ఇలా ఉంటుంది: మేం పన్ను కడుతున్నాం, పౌరసత్వం తీసుకున్నాం, జాతిని బట్టి హక్కు ఉండటమేమిటి? ఇంకొంచెం చరిత్ర తెలిసినవాళ్ళు మరో అడుగు వేస్తారు. గుడిలోకి రావద్దన్న కట్టుబాట్ల మీద పోరాడిన నేల మనది, ఇక్కడ కొత్తగా ప్రవేశ నిషేధాన్ని ఎందుకు ఒప్పుకోవాలి అంటారు.

ఈ రెండో వాదన నిజాయితీగా వచ్చేది కనుక దానికి నిలిచి జవాబు చెప్పాలి. ఆలయ ప్రవేశ పోరాటంలో తలుపు మూసింది బలవంతుడు. బయట నిలబడింది తరతరాలుగా తొక్కివేతకు గురైనవాడు, అది కూడా తాను కొలిచే దేవుడి ముందే. ఇక్కడ తలుపు దగ్గర నిలబడింది ఎవరు? పందొమ్మిదో శతాబ్దంలో గిప్స్‌ల్యాండ్‌లోకి పశువులతో వచ్చిన వలసదారులు గునైకుర్నైలను సామూహికంగా చంపారు. మిగిలినవాళ్ళను 1861లో లేక్ టైర్స్, 1863లో రామహ్యుక్ మిషన్లలో చేర్చారు. సొంత భాష మాట్లాడటం, సొంత నేల మీద తిరగడం కష్టమైపోయింది. ఆ నేల మీద వాళ్ళ హక్కును ఫెడరల్ కోర్టు గుర్తించింది 2010 అక్టోబర్ 22న. ఆ తర్వాతే బకన్ గుహలూ, మిచెల్ రివర్ పార్కూ వాళ్ళ ఉమ్మడి నిర్వహణలోకి వచ్చాయి. నూటయాభై ఏళ్ళకు పైగా ఏ మాటా చెల్లని మనుషులు ఇప్పుడు ఒక్క మాట అడుగుతున్నారు, ఈ గుహ లోపలికి రావద్దని. బయట నిలబడి జలపాతాన్ని చూడవచ్చు, అడవి నడవవచ్చు, కథ వినవచ్చు. మన హక్కుల్లో దేనికీ ఇందులో కోత లేదు. రంగుకూ, భాషకూ, పాస్‌పోర్టుకూ ఈ హద్దుతో సంబంధం లేదు, మెల్‌బోర్న్ నుంచి వచ్చే ఎవరికైనా అదే వర్తిస్తుంది. దీన్ని అంటరానితనంతో పోల్చడం ఆ పోరాటాన్ని చేసినవాళ్ళకూ అన్యాయమే. ఉలూరు కొండ ఎక్కవద్దని అక్కడి ఆదివాసులైన అనంగు జాతివాళ్ళు దశాబ్దాలు వేడుకున్నారు. 2019 అక్టోబర్ 26న ఎక్కడం పూర్తిగా నిషేధమయ్యేదాకా జనం బారులు తీరి ఎక్కుతూనే ఉన్నారు. వేడుకోలు విననివాళ్ళ వల్లే నిషేధాలు అవసరమవుతాయి. స్టావెల్ దగ్గర ఆదివాసుల పురాణ పురుషుడు బుంజిల్ చిత్రం ఉన్న రాతిగూటికి ఇనుప కంచె వేయాల్సి రావడం కూడా అలాంటి చరిత్రే.

అనుమతి అడగడం వల్ల జ్ఞానం తగ్గుతుందనే అనుమానానికి బకన్ దగ్గరే బలమైన జవాబుంది. అక్కడి క్లాగ్స్ కేవ్‌ను 1971–72లో పురాతత్వవేత్త జోసెఫిన్ ఫ్లడ్ తవ్వింది. ఆ కాలపు పద్ధతి ప్రకారం గునైకుర్నైల ప్రమేయం లేకుండానే ఆ పని జరిగింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత గునైకుర్నై సంస్థే పిలిచి, వాళ్ళ పెద్దల పర్యవేక్షణలో మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళతో మళ్ళీ తవ్వించింది. అప్పుడు రెండు చిన్న నిప్పుగూళ్ళు బయటపడ్డాయి. ఒక్కొక్క దానిలో చెక్కి నునుపు చేసి కొవ్వు పూసిన ఒక్కొక్క పుల్ల ఉంది. వాటి వయసు 11,000, 12,000 ఏళ్ళు. గునైకుర్నై మంత్రవైద్యులు సరిగ్గా ఇలాంటి పుల్లలతో చేసే ఒక క్రతువును పందొమ్మిదో శతాబ్దంలో మానవశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ హోవిట్ రాసిపెట్టాడు. 2024లో వెలువడిన ఈ పరిశోధన చెప్పిందేమిటంటే, రాతపూర్వక ఆధారం ఏదీ లేకుండా ఒక ఆచారం దాదాపు ఐదు వందల తరాలు చేతులు మారుతూ నిలిచింది. ఈ క్రతువు అర్థం ఆ జాతి జ్ఞాపకంలో లేకపోతే ఆ పుల్లలు కాలిన కట్టెముక్కలుగానే మిగిలేవి. ఆ గుహ ఇవాళ యాత్రికులకు తెరిచి లేదు. తెరవకపోవడం వల్ల మనం పోగొట్టుకున్నది ఏమీ లేదు, దాని గురించి తెలుసుకున్నది మాత్రం ఎంతో.

“మైనింగ్ కంపెనీలు గుహలను పేల్చేస్తుంటే, వేలు పెట్టవద్దని మాకు నీతులా?” అనేవాళ్ళున్నారు. వాళ్ళు ఎత్తి చూపే సంగతి నిజమే. 2020 మే 24న పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇనుప ఖనిజం కోసం రియో టింటో కంపెనీ 46,000 ఏళ్ళ మానవ చరిత్ర ఉన్న జూకన్ గోర్జ్ రాతిగూళ్ళను పేల్చేసింది. చట్టం ప్రకారం అనుమతి ఉన్నా, సొంతదారుల వేడుకోలును తోసిపుచ్చి పేల్చింది. అయితే ఆ ఘోరం నుంచి రావలసిన తీర్పు, సొంతదారుల మాట వినకపోవడం తప్పని. ఆ తీర్పు కంపెనీకి వర్తించి మనకు వర్తించకపోవడం ఎలా? ఈ విషయంలో తెలుగు నేలకు గర్వించదగ్గ చరిత్ర ఉంది. బొర్రా గుహల చుట్టూ ఉన్న గిరిజన గ్రామాల భూములను గనుల తవ్వకానికి లీజుకిస్తే సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అలాంటి లీజులు ప్రైవేటు కంపెనీలకు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. దేశమంతటా ఆదివాసులు ఇవాళ్టికీ తలుచుకునే ఆ తీర్పు పుట్టింది బొర్రా కొండల్లోనే. ఆ కొండల పక్క నుంచి వచ్చినవాళ్ళం గిప్స్‌ల్యాండ్‌లో అదే హక్కును అతిజాగ్రత్త అని కొట్టిపారేయకూడదు.

“మన దగ్గర ఇన్ని ఆంక్షలు లేవు” అన్నది కూడా సగం నిజమే. బొర్రాలో, బెలూంలో జనం ధారాళంగా తిరుగుతారన్నది వాస్తవం. కానీ 3,229 మీటర్ల బెలూం గుహలో 2002 నుంచి సందర్శకులకు తెరిచింది ఒకటిన్నర కిలోమీటరే. నల్లమలలో శ్రీశైలం దారి రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా మూసే ఉంటుంది, పులులకూ ఇతర జంతువులకూ ఆ గంటలు వదిలేస్తారు. హైదరాబాద్ నుంచి దైవదర్శనానికి బయలుదేరేవాళ్ళు ఆ వేళలు చూసుకునే బయలుదేరతారు. అన్నిటికంటే సలేశ్వరం పెద్ద ఉదాహరణ. అమ్రాబాద్ అడవిలో లోయ దిగి, జలపాతం పక్కన గుహలో ఉన్న లింగమయ్యను చూడటానికి ఏటా చైత్ర పౌర్ణమి వేళ కొద్ది రోజులే అనుమతి. అక్కడ పూజారులు చెంచులు. మిగతా రోజుల్లో ఆ అడవి వాళ్ళది, మృగాలది. చోటే తేదీని నిర్ణయిస్తుందని తరాలుగా ఒప్పుకున్న సమాజం మనది. టార్నీట్‌కు వచ్చాక ఆ వినయాన్ని వదులుకోవలసిన కారణం నాకు కనబడదు.

ఆచరణలో ఎదురయ్యే ఇబ్బందులను నేను తేలికగా తీసుకోను. టార్నీట్ నుంచి బకన్‌కు దాదాపు 380 కిలోమీటర్లు, ఒకవైపే నాలుగున్నర గంటలకు తక్కువ కాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు తెల్లవారి స్టీరింగ్ పట్టుకుని వెళ్ళి, చివరి టూర్ దాటిపోయాక చేరి, గైడుతో గొడవపడి చీకట్లో కంగారూల మధ్య తిరిగి రావడం ఎవరికీ మంచిది కాదు. ఒకే రోజులో వెళ్ళి రావాలన్న పట్టుదలను వదిలిపెట్టడమే దీనికి మందు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల వీసా గడువు ముంచుకొస్తుంటే సెలవుల దాకా ఆగలేమంటారు. నిజానికి సెలవుల దాకా ఆగనక్కర్లేదు, సెలవులు కాని రోజులే మేలు. ఏజ్డ్ కేర్‌లో, గోడౌన్లలో, ఆసుపత్రుల్లో పనిచేసే మనవాళ్ళలో చాలామందికి వారం మధ్యలో ఆఫ్ దొరుకుతుంది. మార్చి చివర్లోనో మే నెలలోనో ఒక మంగళవారం పెద్దవాళ్ళతో నెమ్మదిగా వెళ్తే గుహా ప్రశాంతంగా ఉంటుంది, గైడు మాటా వినబడుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఏ గుహ వీలవుతుందో బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోవచ్చు. పది కుటుంబాలూ కలిసి వెళ్ళాలన్న కోరిక మాత్రం మానుకోవలసిందే. గుహలో ఒక టూర్‌కు పట్టేది కొద్దిమందే. అందరం ఒకేసారి రావాలంటే మనం మిగతా సందర్శకుల చోటంతా తినేయాలి, లేదా గుహకు పట్టనంతమందిని లోపలికి తోయాలి.

పార్క్స్ విక్టోరియా వైపు కూడా లోపముంది. 2021 జనగణనలోనే 56 వేలు దాటిన టార్నీట్ జనాభాలో తెలుగు, పంజాబీ, హిందీ మాట్లాడే ఇళ్ళు వీధివీధికీ ఉన్నాయి. డెన్ ఆఫ్ నార్గన్‌లోకి ఎందుకు వెళ్ళకూడదో ఆ భాషల్లో చెప్పే ఒక్క పేజీ ఇక్కడి గ్రంథాలయంలోనో, రైల్వే స్టేషన్‌లోనో ఉంచితే సగం తగవు తీరుతుంది. కారణం చెప్పని నిషేధాన్ని మనిషి అనుమానిస్తాడు. ఆ పేజీని మన తెలుగు సంఘాలే అడిగి తెప్పించవచ్చు. ఉగాది, సంక్రాంతి వేదికల మీద గునైకుర్నై పెద్దలను పిలిచి మాట్లాడించవచ్చు. అయితే పేజీ లేదన్నది బోర్డు చదివి కూడా లోపలికి దూరడానికి సాకు కాదు.

వచ్చే యాత్రకు గ్రూపులో తేదీ అడిగే ముందు ఈ పనులు చేయండి. ఆ చోటు తెరిచి ఉందో లేదో పార్క్స్ విక్టోరియా వెబ్‌సైట్‌లో చూడండి, గైడు టూర్ దొరికిన రోజునే సెలవు పెట్టండి, బయలుదేరే ఉదయం విక్ ఎమర్జెన్సీ యాప్ తెరవండి, బూట్లు కడుక్కోండి. డెన్ ఆఫ్ నార్గన్ చేరాక గుహ బయటే ఆగండి, ఎందుకు ఆగామో పిల్లలకు అక్కడే చెప్పండి.